హిట్లర్ కంపెనీ బండి అని ఇంట్లో గొడవ, పోలో కొనాలా వద్దా?

దేవరకొండ_డీజిల్:

అందరికీ నమస్తే. మాది దేవరకొండ దగ్గర పల్లె, నేను మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లులో అకౌంట్స్ చూస్తా. వారం వారం కొండమల్లేపల్లి, పెద్దవూర, హాలియా రోడ్డున బైక్ మీద తిరిగి తిరిగి నడుము పోయింది, ఇక కారు కొనాల్సిందే అనుకున్నా. ఎల్బీ నగర్ దగ్గర ఒక సెకండ్ హ్యాండ్ డీలర్ ఫోక్స్‌వ్యాగన్ పోలో చూపించాడు. 1.5 డీజిల్, 2015 మోడల్, ఢిల్లీ రిజిస్ట్రేషన్, మీటర్ మీద 62 వేలు, మూడున్నర లక్షలకు ఇస్తా అంటున్నాడు. నడిపి చూశా. స్టీరింగ్‌లో ఆ బిగువు, డోరు వేస్తే వచ్చే శబ్దం, స్పీడ్‌లో కూడా బండి రోడ్డును పట్టుకొని ఉండడం, ఇవన్నీ చూశాక వేరే బండి కంటికి ఆనడం లేదు.

ఇంట్లో చెప్తే తలా ఒక మాట. మా పెద్దనాయిన రిటైర్డ్ హెడ్మాస్టర్, ఆయనేమో ఆ కంపెనీ పెట్టించిందే హిట్లర్, అట్లాంటి బండి మన వాకిట్లో ఉండొద్దు అంటాడు. మా బావేమో పొల్యూషన్ టెస్టులో ప్రపంచాన్నే మోసం చేసి దొరికిన కంపెనీ, అందులోనూ నువ్వు చూసింది సరిగ్గా ఆ డీజిల్ ఇంజినే అని భయపెడుతున్నాడు. ఇక దోస్తులు, ఒక్క పార్టు పోయిందంటే కిడ్నీ అమ్ముకోవాలి అని. ఈ మూడింట్లో ఏది నిజం, ఎంత నిజం? యూట్యూబ్‌లో చూస్తే ఒకడు దేవుడి బండి అంటాడు, ఇంకొకడు దయ్యం అంటాడు. తెలిసినవాళ్లు కొంచెం వివరంగా చెప్పండి, టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు, డీలర్ రోజూ ఫోన్ చేస్తున్నాడు.


పాలమూరు_లెక్చరర్:

తమ్ముడూ, బండి గురించి నాకు తెలియదు, నాది హిస్టరీ. మీ పెద్దనాయిన గారు చెప్పిన దాంట్లో అబద్ధం లేదు, అయితే ఆయన ఆపిన చోట కథ ఆగలేదు.

హిట్లర్‌కు ప్రతి జర్మన్ కుటుంబానికీ ఒక చవక కారు ఉండాలని పిచ్చి, డిజైన్ పనిని 1934లో ఫెర్డినాండ్ పోర్షేకు అప్పగించారు. మామూలు కార్ల కంపెనీలు ఆ ధరకు మా వల్ల కాదన్నట్టు వెనక్కి తగ్గితే నాజీల కార్మిక సంస్థ, అంటే రాబర్ట్ లై నడిపిన జర్మన్ లేబర్ ఫ్రంట్, ఆ పని నెత్తిన వేసుకుంది. 1937లో కంపెనీ రిజిస్టర్ చేశారు, 1938 మే 26న ఫాలర్స్‌లేబెన్ అనే ఊరి పక్కన ఫ్యాక్టరీకి హిట్లరే శంకుస్థాపన చేశాడు. డబ్బు ఎక్కడిది అనుకున్నారు? 1933లో నాజీలు అసలు కార్మిక సంఘాలను మూసేసి వాటి భవనాలు, ఆస్తులు గుంజుకున్నారు, ఆ సొమ్ములో కొంత ఇందులోకి పోయింది.

కారు ధర 990 మార్కులు. జనం వారానికి 5 మార్కుల స్టాంపు కొని ఒక పుస్తకంలో అతికించాలి, పుస్తకాలు నిండితే బండి ఇస్తారు. మన దగ్గర చిట్టీ కట్టినట్టే, కాకపోతే ఇక్కడ పాట ఎవరికీ రాలేదు. దాదాపు 3 లక్షల 36 వేల మంది ఆ స్కీములో చేరితే ఒక్కరికి కూడా బండి అందలేదు. 1939లో యుద్ధం మొదలై ఫ్యాక్టరీ మొత్తం మిలిటరీ జీపులకు, బాంబులకు, విమానాల రిపేర్లకు మళ్లింది.

అసలు మచ్చ స్కీమ్ కాదు, ఆ తర్వాతిది. యుద్ధకాలంలో అక్కడ దాదాపు 20 వేల మందితో నిర్బంధంగా పని చేయించారు. యుద్ధఖైదీలు, పోలండ్ నుంచి, సోవియట్ ప్రాంతాల నుంచి పట్టుకొచ్చిన ఆడామగా, వాళ్లలో ఓ 5 వేల మంది కాన్‌సన్‌ట్రేషన్ క్యాంపుల ఖైదీలు. ఆ ఆడవాళ్లకు పుట్టిన పసిపిల్లలను తల్లుల దగ్గర ఉంచకుండా శిశుగృహం అని పేరు పెట్టిన చోటికి తరలించారు, అది తర్వాత ర్యూహెన్ అనే పల్లెకు మారింది. అక్కడ పాలు లేక, శుభ్రత లేక, రోగాలతో వందల మంది పిల్లలు చనిపోయారు. దానికి బాధ్యుడైన ఫ్యాక్టరీ డాక్టర్ హన్స్ కోర్బెల్‌కు బ్రిటిష్ కోర్టు మరణశిక్ష వేసింది, 1947లో ఉరితీశారు. హిట్లర్ శంకుస్థాపన ఫొటో అందరూ చూపిస్తారు, ర్యూహెన్ సంగతి ఎవరూ ఎత్తరు. మీ పెద్దనాయిన గారికి కోపం రావాల్సింది నిజానికి ఇక్కడ.

ఇక యుద్ధం అయిపోయాక ఆ ఫ్యాక్టరీని కూల్చేసి యంత్రాలు పట్టుకుపోవచ్చు, కానీ ఆ ప్రాంతం బ్రిటిష్ వాళ్ల చేతిలో పడింది. ఐవన్ హర్స్ట్ అనే మేజర్, వయసు ముప్పై కూడా లేదు, 1945 ఆగస్టులో అక్కడికి వచ్చాడు, పైకప్పులు ఎగిరిపోయిన షెడ్లలో మిగిలిన ఒక కారుకు మిలిటరీ పచ్చ రంగు వేయించి పై అధికారులకు చూపించాడు. సైన్యానికి బండ్ల కరువు, 20 వేల కార్లకు ఆర్డర్ వచ్చింది. ఆ ఆర్డర్ లేకపోతే ఈరోజు నువ్వు ఈ ప్రశ్న అడిగేవాడివి కాదు. ఊరికి వోల్ఫ్స్‌బుర్గ్ అని పేరు కూడా ఆ 1945లోనే పెట్టారు. 1948లో హైన్రిక్ నోర్డ్‌హోఫ్ చేతికి కంపెనీ వచ్చింది, 1955కల్లా పది లక్షల బీటిల్ (ఆ చవక కారుకే తర్వాత వచ్చిన పేరు), 1972 ఫిబ్రవరిలో ఫోర్డ్ మోడల్ టీ రికార్డును దాటేసింది, మెక్సికోలో చివరి బీటిల్ 2003లో బయటికి వచ్చేసరికి మొత్తం 2 కోట్ల 15 లక్షలు.

ఆ డిజైన్ మొత్తం పోర్షే బుర్రలోంచే ఊడిపడలేదు అనేది కూడా తెలుసుకోవాలి. చెకొస్లొవేకియాలో హన్స్ లెడ్వింకా చేసిన టాట్రా కార్లతో పోలికలు ఎంత ఉన్నాయంటే కేసు పడి, యుద్ధం తర్వాత దశాబ్దాలకు ఫోక్స్‌వ్యాగన్ డబ్బు కట్టి తెంచుకుంది.


హైవే_65:

లెక్చరర్ సార్, అట్లయితే జర్మనీ బండి ఏదీ కొనొద్దు. మెర్సిడెస్ వాళ్లూ చేయించారు నిర్బంధ చాకిరి, బీఎండబ్ల్యూ వాళ్లూ చేయించారు. మరి చౌటుప్పల్ టోల్ దగ్గర నిలబడి చూడండి, రియల్ ఎస్టేట్ అన్నలు అందరూ అవే వేసుకొని తిరుగుతున్నారు, వాళ్లను ఏ పెద్దనాయినా అడగడు. పోలో కొనేవాడికే చరిత్ర పరీక్షా?


పాలమూరు_లెక్చరర్:

అడగొద్దని నేను అనలేదు, అందరినీ అడగాలి. తేడా ఒకటుంది. డైమ్లర్, బీఎండబ్ల్యూ నాజీల కంటే ముందే ఉన్న కంపెనీలు, లాభం కోసం వాళ్లతో కలిశాయి. ఇది మాత్రం నాజీ ప్రభుత్వం తన ప్రచారం కోసమే పుట్టించిన కంపెనీ. అయితే తన చరిత్ర తవ్వించుకోవడంలో కూడా ఇది కొంత నయం. 1980లలో హన్స్ మోమ్‌సెన్ అనే పేరున్న చరిత్రకారుడికి రికార్డులు అప్పగించింది, ఆయన పుస్తకం 1996లో వచ్చింది, వెయ్యి పేజీలకు తక్కువ కాదు, కంపెనీకి నచ్చని సంగతులు కూడా అందులో ఉన్నాయి. 1998లో బతికున్న నిర్బంధ కార్మికుల కోసం 2 కోట్ల మార్కుల నిధి పెట్టింది. యాభై మూడేళ్లు ఆలస్యంగా, కోర్టు కేసుల ఒత్తిడి ఉన్నాక, అది కూడా రాసుకోండి.


బ్రౌన్‌ష్వైగ్‌లో_నల్లగొండ:

దేవరకొండ తమ్ముడూ, నేను వోల్ఫ్స్‌బుర్గ్‌కు పక్కనే ఉన్న బ్రౌన్‌ష్వైగ్‌లో ఉంటా, మాది నకిరేకల్. నాది కార్ల సాఫ్ట్‌వేర్ పనే, ఆ కంపెనీలో కాదు. మీ బావ భయం గురించి నేను చెప్తా, ఎందుకంటే ఆ కేసు గురించి మాట్లాడేవాళ్లలో పదిమందికి తొమ్మిది మంది అసలు మోసం ఎట్లా జరిగిందో చెప్పరు.

డీజిల్ ఇంజిన్ బాగా వేడిగా, గాలి ఎక్కువగా పెట్టి మండిస్తే మైలేజ్ వస్తుంది, కానీ నైట్రోజన్ ఆక్సైడ్లు పెరుగుతాయి. వాటిని తగ్గించాలంటే పొగలో కొంత భాగాన్ని మళ్లీ ఇంజిన్‌లోకి తిప్పాలి, లేదా పొగ గొట్టంలో వాటిని పట్టే ట్రాప్ పెట్టాలి, లేదా యూరియా ద్రావణం చల్లాలి. వీటిలో ప్రతిదానికీ ఖర్చుంది, మైలేజో, ఫిల్టర్ ఆయుష్షో, యూరియా ట్యాంకో ఏదో ఒకటి తగ్గుతుంది. అమెరికాలో నైట్రోజన్ ఆక్సైడ్ల పరిమితి చాలా గట్టిది. కంపెనీ వాళ్లు ఏం చేశారంటే, టెస్ట్ ల్యాబులో బండి రోలర్ల మీద పరిగెడుతుంది కదా, అప్పుడు చక్రాలు తిరుగుతుంటాయి, స్టీరింగ్ మాత్రం కదలదు, స్పీడు ఒక నిర్ణీత పద్ధతిలో పెరిగి తగ్గుతుంది. ఈ గుర్తులన్నీ చూసి ఇది టెస్టే అని సాఫ్ట్‌వేర్ కనిపెట్టి అప్పుడు మాత్రం శుభ్రంగా నడిపేది. రోడ్డెక్కిందంటే కంట్రోల్ సడలించేది. రోడ్డు మీద పొగ పరిమితికి 40 రెట్ల దాకా పోయిందని అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ 2015 సెప్టెంబర్ 18న బయటపెట్టింది.

దీన్ని పట్టుకున్నది ఎవరో తెలిస్తే మీ బావ కూడా సంతోషిస్తాడు. వెస్ట్ వర్జీనియా యూనివర్సిటీలో చిన్న ల్యాబ్, రోడ్ల మీద కార్లు నడిపి కొలిచిన కుర్రాళ్లలో ఇద్దరు మనవాళ్లు, చెన్నై నుంచి వెళ్లిన అరవింద్ తిరువేంగడం, బెంగళూరు నుంచి వెళ్లిన హేమంత్ కప్పన్న. మూడోవాడు మార్క్ బెష్, వాళ్ల టీమును నడిపించింది డాన్ కార్డర్. వాళ్లు మోసం పట్టుకోవాలని పోలేదు, అమెరికాలో డీజిల్ కార్లు ఎంత శుభ్రమో చూపిస్తే యూరప్ వాళ్లు నేర్చుకుంటారని ఒక సంస్థ ఆ సర్వేకు డబ్బిచ్చింది. డిక్కీలో కొలిచే యంత్రాలు, వాటికి కరెంటు కోసం ఒక జనరేటర్, దాని మోత వింటూ లాస్ ఏంజెలెస్ నుంచి సియాటిల్ దాకా పోయి వచ్చారు. వాళ్లు పరీక్షించిన మూడు బండ్లలో బీఎండబ్ల్యూ ఎక్స్5 దాదాపు పరిమితిలోనే ఉంది, ఫోక్స్‌వ్యాగన్ బండ్లు జెట్టా, పస్సాట్ మాత్రం ఎన్నో రెట్లు దాటాయి. యంత్రం తప్పేమో అని వాళ్లు ముందు తమనే అనుమానించుకున్నారు, ల్యాబులో పెడితే అవే బండ్లు మళ్లీ శుభ్రంగా పాసయ్యాయి. అక్కడే అర్థమైపోయింది. 2014లో రిపోర్టు ఇచ్చాక కూడా కంపెనీ ఏడాదికి పైగా ఏవేవో సాకులు చెప్పింది, నా దృష్టిలో అసలు నేరం ఆ ఏడాదే. దొరికాక ఒప్పుకోవడానికి, దొరికినా దబాయించడానికి చాలా తేడా ఉంది.

ప్రపంచం మొత్తం మీద 1 కోటి 10 లక్షల బండ్లు. అధినేత మార్టిన్ వింటర్‌కోర్న్ అయిదు రోజుల్లో రాజీనామా చేశాడు. 2016లో అమెరికాలో 1,470 కోట్ల డాలర్ల సెటిల్‌మెంట్, 2017లో నేరం ఒప్పుకొని ఇంకో 430 కోట్ల డాలర్ల జరిమానా, ఇప్పటిదాకా అన్నీ కలిపి 3,000 కోట్ల యూరోలు దాటింది. జనం దగ్గర వెనక్కి కొన్న కార్లు పెట్టడానికి చోటు లేక మిషిగన్‌లో మూతపడ్డ సిల్వర్‌డోమ్ స్టేడియం చుట్టూ వేల బండ్లు ఆపేశారు, ఆ డ్రోన్ ఫొటోలు చూడు ఒకసారి. 2025 మేలో ఇక్కడే, మా బ్రౌన్‌ష్వైగ్ కోర్టులో నలుగురు మాజీ ఉద్యోగులకు శిక్ష పడింది, ఇద్దరికి జైలే. అదే గ్రూపులోని ఆడీకి అప్పటి పెద్ద రూపర్ట్ ష్టాడ్లర్‌కు 2023లో సస్పెండెడ్ శిక్ష, అంటే ఇంట్లోనే ఉన్నాడు. పెద్ద తలకాయలు జైలుకు పోవడం ఏ దేశంలో చూశాం.

మన దేశం సంగతి వేరు. అప్పుడు మన దగ్గర బీఎస్4 పొగ నిబంధనలు, అమెరికా అంత గట్టివి కావు. బండ్లను పరీక్షించే మన సంస్థ ఏఆర్ఏఐ రోడ్డు మీద పరీక్షిస్తే పరిమితి కంటే 1.1 నుంచి 2.6 రెట్లు ఎక్కువ వచ్చింది. కంపెనీ ఇక్కడ మేం మోసం చేయలేదు అంటూనే 2015 డిసెంబర్‌లో 3,23,700 బండ్లను వెనక్కి పిలిచింది. పర్యావరణ కేసులు చూసే ట్రిబ్యునల్ ఎన్‌జీటీ 2019 మార్చిలో 500 కోట్ల జరిమానా వేసింది, రెండు నెలలకే సుప్రీంకోర్టులో కంపెనీకి ఊరట దొరికింది. ఆ రీకాల్ 2008 నుంచి 2015 నవంబర్ దాకా అమ్మిన, ఈఏ189 అనే ఆ డీజిల్ ఇంజిన్ ఉన్న బండ్లకు. నీ 2015 మోడల్ అందులో ఉండే అవకాశమే ఎక్కువ. దానివల్ల బండి ప్రమాదకరం కాదు, సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ జరిగిందా లేదా అన్నదే నువ్వు చూసుకోవాల్సింది.

ఇంకో ముచ్చట, నవ్వుకోవడానికి. ఈ కంపెనీ వోల్ఫ్స్‌బుర్గ్ ఫ్యాక్టరీలో 1973 నుంచి సొంతంగా పంది మాంసం సాసేజ్ తయారు చేస్తుంది, దానికి కూడా స్పేర్ పార్టు నంబర్ ఉంది, 199 398 500 ఏ. కొన్నేళ్లు కార్లకంటే సాసేజ్‌లే ఎక్కువ అమ్ముడుపోయాయి. 2021లో ఒక క్యాంటీన్ నుంచి మాంసం తీసేస్తే మాజీ చాన్సలర్ ష్రోడరే అలిగాడు.


క్లాక్‌టవర్_పెద్దాయన:

అందరూ జర్మనీ, అమెరికా అంటున్నారు, మన ఇంటి ముచ్చట ఎవరికీ గుర్తు లేదా? 2005లో ఉమ్మడి రాష్ట్రంలో ఫోక్స్‌వ్యాగన్ ఫ్యాక్టరీ వైజాగ్‌కు వస్తుందని ఎంత హడావుడి. మన పిల్లలు ఐటీఐ చదివి పోయి అక్కడ పని చేస్తారని నల్లగొండ బస్టాండులో కూర్చున్నోడు కూడా లెక్కలు వేశాడు. చివరికి ప్రభుత్వం వాటా కోసం అని దాదాపు 11 కోట్లు వశిష్ట వాహన్ అనే కంపెనీకి కట్టింది, తీరా చూస్తే ఆ కంపెనీతో మాకు సంబంధం లేదు అని ఫోక్స్‌వ్యాగన్ చేతులెత్తేసింది. కేసు సీబీఐ దాకా పోయింది. వాళ్ల గ్రూపులోనే స్కోడాలో పెద్ద హోదాలో ఉన్న హెల్ముట్ షుస్టర్ పేరు బయటికొచ్చి ఆయన ఉద్యోగం పోయింది. ఫ్యాక్టరీ మహారాష్ట్రకు పోయింది, పుణె దగ్గర చాకన్‌లో 2009లో మొదలైంది, నీ పోలో అక్కడ తయారైందే బాబు.


బ్రౌన్‌ష్వైగ్‌లో_నల్లగొండ:

పెద్దాయనా, కరెక్ట్ సమయానికి గుర్తు చేశారు. అదే 2005లో ఇక్కడ కూడా పెద్ద కుంభకోణం బయటపడింది. యూనియన్ నాయకులను మంచి చేసుకోవడానికి కంపెనీ డబ్బుతో విలాస యాత్రలు, బోనసులు. ఉద్యోగుల వ్యవహారాలు చూసే డైరెక్టర్ పీటర్ హార్ట్స్ రాజీనామా చేశాడు, 2007లో కోర్టు రెండేళ్ల సస్పెండెడ్ శిక్ష వేసింది. షుస్టర్ పేరు కూడా ఆ గొడవలోదే.

ఆ యూనియన్ల బలం ఎక్కడి నుంచి వచ్చిందో లెక్చరర్ సార్ పోస్టులోనే ఉంది, ఆయన చెప్పకుండా వదిలేశారు. సంఘాల దగ్గర గుంజుకున్న సొమ్ముతో కట్టిన ఫ్యాక్టరీ కదా, యుద్ధం తర్వాత ఇది ఎవరిది అనే ప్రశ్న వచ్చింది. 1960లో షేర్లు జనానికి అమ్మేటప్పుడు ప్రత్యేక చట్టమే చేశారు. లోవర్ శాక్సనీ రాష్ట్ర ప్రభుత్వానికి ఈ రోజుకూ 20 శాతం ఓటు, పర్యవేక్షక బోర్డులో సగం సీట్లు కార్మికులవి. అందుకే ఇక్కడ ఫ్యాక్టరీ మూయడం అంటే ప్రభుత్వాన్ని కదిలించినంత పని. 2024 డిసెంబర్‌లో రోజులకొద్దీ బేరాలు ఆడి 2030 నాటికి 35 వేలకు పైగా ఉద్యోగాలు తగ్గిస్తాం, మెడపట్టి గెంటకుండా అని ఒప్పందం రాసుకున్నారు. మా అపార్ట్‌మెంట్‌లో సగం మంది ముఖాల్లో ఆ నెల మొత్తం నవ్వు లేదు.


జడ్చర్ల_గ్యారేజ్:

మీ చరిత్ర క్లాసులు బాగున్నాయి సార్లూ, అయితే పిల్లగాడు మూడున్నర లక్షలు పెట్టబోతున్నాడు, బండి సంగతి ఎవరూ చెప్పలేదు. తమ్మీ, నాది హైవే పక్కన షెడ్డు, అన్ని కంపెనీల బండ్లు చూస్తా.

ముందు ఆ డోరు శబ్దం పిచ్చి వదిలెయ్. శబ్దం వేరు, భద్రత వేరు. 2014 జనవరిలో బండ్లను గుద్దించి భద్రత పరీక్షించే గ్లోబల్ ఎన్‌క్యాప్ వాళ్లు ఇదే పోలోను ఎయిర్‌బ్యాగ్‌లు లేకుండా గుద్దిస్తే సున్నా స్టార్లు వచ్చాయి. బాడీ గట్టిగానే ఉంది, లోపల బొమ్మకు మాత్రం ప్రాణం మిగలదు. రెండు ఎయిర్‌బ్యాగ్‌లు పెడితే నాలుగు స్టార్లు. కంపెనీ వెంటనే అన్ని పోలోలకూ రెండు ఎయిర్‌బ్యాగ్‌లు ఇచ్చింది. నీది 2015 కాబట్టి ఉంటాయి, ఉన్నాయా, లేక ఒకసారి పేలిపోతే పైన మూత అతికించి అమ్ముతున్నారా అన్నది చూడు. ఇగ్నిషన్ ఆన్ చేస్తే ఎయిర్‌బ్యాగ్ లైటు వెలిగి ఆరిపోవాలి. అసలు వెలగకపోతే ఎవడో బల్బు పీకేశాడని అర్థం.

యూట్యూబ్‌లో చెప్పే డీఎస్‌జీ, అంటే ఈ కంపెనీ ఆటోమేటిక్ గేర్‌బాక్స్, ఆ భయం నీకు అక్కర్లేదు, నీది చేత్తో వేసే గేరు. ఆ ఏడు గేర్ల డ్రై క్లచ్ డబ్బా మీద చైనాలో 2013లో 3.8 లక్షలకు పైగా బండ్లు వెనక్కి పిలిచారు, అదే ఏడాది ప్రపంచమంతా 16 లక్షల బండ్లకు గేర్‌బాక్స్ ఆయిల్ మార్చారు, అక్కడి నుంచి పుట్టింది ఆ పేరు. మన యూట్యూబ్ వాళ్లు దాన్ని అన్ని బండ్లకూ తగిలిస్తారు.

1.5 డీజిల్‌కు చూసుకోవాల్సింది టైమింగ్ బెల్టు. ఇది చైన్ కాదు, బెల్టు. తెగిందంటే వాల్వులు పోయి పిస్టన్లకు తగులుతాయి, హెడ్డు దించాల్సిందే, ఆ బిల్లు చూస్తే బండి ఎందుకు కొన్నానా అనిపిస్తుంది. అది ఎప్పుడు మార్చారో కాగితం చూపించకపోతే మార్చలేదనే లెక్క, బెల్టు, టెన్షనర్, వాటర్ పంపు కలిపి మార్చే ఖర్చు ధరలోంచి తీసెయ్. పొగను మళ్లీ ఇంజిన్‌లోకి తిప్పే ఈజీఆర్ వాల్వులో మసి పట్టి పికప్ పోతుంది, అది ఏ కంపెనీ డీజిల్‌కైనా ఉన్నదే.

ఇప్పుడు అసలు అనుమానం. ఢిల్లీ బండి, పదేళ్ల డీజిల్, 62 వేలు తిరిగింది అంటున్నాడు. ఢిల్లీలో పదేళ్లు దాటిన డీజిల్‌ను తిప్పొద్దని 2015లో ఎన్‌జీటీ చెప్పింది, 2018లో సుప్రీంకోర్టు కూడా అదే ఖాయం చేసింది, తర్వాత కోర్టుల్లో అటూ ఇటూ అయింది కానీ ఆ భయంతో అక్కడివాళ్లు వచ్చిన ధరకు వదిలించుకున్నారు. మన డీలర్లు లాట్లుగా తెచ్చారు. పోయినేడు హైదరాబాద్‌లో ఒక డీలర్ దగ్గర ఇట్లాగే 58 వేలు అని కొన్న బండిని (పేరు చెప్పను, పోలో కాదు) నా షెడ్డుకు తెచ్చారు. క్లచ్ పెడల్ రబ్బరు అరిగి ఇనుము కనబడుతుంది, డ్రైవర్ సీటు పక్క దిండు కుంగిపోయింది. స్కానర్ పెట్టాం. మీటర్ తిప్పినోడు ఒకటి మర్చిపోయాడు, కంప్యూటర్‌లో పాత ఫాల్ట్ ఒకటి మిగిలిపోయింది, అది నమోదైన కిలోమీటర్ 1,41,000. ఓనరు అక్కడే మెట్టు మీద కూర్చుండిపోయాడు.

నీ బండికి కూడా ఆ స్కానర్ పెట్టించు, ఈ జర్మన్ బండ్లలో ఫాల్ట్ పడ్డప్పటి కిలోమీటర్ రికార్డ్ అవుతుంది, ఎవరో తుడిచేస్తే తప్ప దొరుకుతుంది. ఢిల్లీ ఆర్టీఓ ఇచ్చే ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న కాగితం) చేతికి రాకుండా అడ్వాన్సు ఇయ్యకు. ఆర్టీఓ ఆఫీసులో ముందే అడుగు, ఇక్కడ లైఫ్ ట్యాక్స్ ఎంత పడుతుంది, టీజీ నంబర్ ఎన్నాళ్లకు వస్తుంది అని. ఆ రెండూ కలిపితే నీ మూడున్నర మూడున్నర దగ్గర ఆగదు.

పార్టుల ముచ్చట చివరగా. ఖరీదు మారుతీ కంటే ఎక్కువే, అందులో దాపరికం లేదు, అయినా ఆస్తులు అమ్ముకునేంత లేదు. ఫిల్టర్లు, బ్రేకులు, బెల్టులు బయట మంచి కంపెనీలవి దొరుకుతాయి. అసలు ఇబ్బంది, నువ్వుండే మిర్యాలగూడ, దేవరకొండ మధ్య ఈ బండి కంప్యూటర్‌ను చదివే మెకానిక్ ఉన్నాడా అన్నది. లేకపోతే ప్రతి లైటుకూ హైదరాబాద్ పోవాలి. ఆ లెక్క వేసుకున్నాకే కొను. 2020 ఏప్రిల్ నుంచి వాళ్లు మన దేశంలో చిన్న డీజిల్ ఇంజిన్లే ఆపేశారు, 2022లో పోలో కూడా ఆగిపోయింది, కాబట్టి ముందు ముందు ఇంజెక్టర్ లాంటి పెద్ద పార్టుకు రెండు మూడు రోజులు ఎదురుచూడక తప్పదు.


హైవే_65:

గ్యారేజ్ అన్నా, నీ నంబర్ ఎక్కడ దొరుకుతుంది, నా బండి కూడా చూపించాలి. 😅


దేవరకొండ_డీజిల్:

అందరికీ చాలా థ్యాంక్స్. నిన్న రాత్రి లెక్చరర్ సార్ రాసింది మొత్తం పెద్దనాయినకు చదివి వినిపించా. ర్యూహెన్ దగ్గరికి వచ్చేసరికి ఆపమన్నాడు, లేచి బయటికి పోయి మంచినీళ్లు తాగి వచ్చాడు. తర్వాత ఆయన అడిగిన ప్రశ్న ఒక్కటే, ఆ 5 మార్కుల స్టాంపులు కట్టినోళ్లకు పైసలు తిరిగొచ్చాయా అని. సార్, మీరే చెప్పాలి.

ఇంకా గ్యారేజ్ అన్నా, డీలర్‌కు ఫోన్ చేసి చాసిస్ నంబర్ పంపమన్నా, రీకాల్ అప్‌డేట్ అయిందో లేదో షోరూమ్‌లో అడుగుతా అని. స్కానర్ పెట్టిస్తా అని కూడా చెప్పా. అప్పటినుంచి మనిషి ఫోన్ ఎత్తడం లేదు. రోజుకు నాలుగుసార్లు చేసినోడు.


పాలమూరు_లెక్చరర్:

మంచి ప్రశ్న, మీ పెద్దనాయిన గారికి నా నమస్కారం చెప్పండి. ఆ డబ్బు బెర్లిన్‌లో లేబర్ ఫ్రంట్ బ్యాంకులో ఉండేది, యుద్ధం చివర సోవియట్ సైన్యం చేతికి పోయింది. స్టాంపులు కట్టినవాళ్లు సంఘం పెట్టుకొని కొత్త ఫోక్స్‌వ్యాగన్ మీద కోర్టుకు వెళ్లారు. ఆ మోసం చేసింది మేం కాదు అని కంపెనీ వాదన, బండి పేరు, ఫ్యాక్టరీ మీ దగ్గరే ఉన్నాయి కదా అని వాళ్ల వాదన. పన్నెండేళ్ల పైన సాగి 1961లో రాజీ కుదిరింది. స్టాంపులన్నీ కట్టినవాళ్లకు కొత్త బీటిల్ కొంటే 600 మార్కుల దాకా తగ్గింపు, కారు వద్దంటే 100 మార్కుల నగదు.


జడ్చర్ల_గ్యారేజ్:

ఎత్తడు తమ్మీ, ఇక ఎత్తడు. నువ్వే మళ్లీ చేయకు. మన తెలంగాణ నంబర్ ఉన్న పోలో, ఒక్క ఓనర్ చేతిలో నడిచింది, సర్వీస్ బుక్కు ఉన్నది వెతుకు, నలభై యాభై వేలు ఎక్కువైనా పర్వాలేదు. దొరికితే కొనేముందు చాసిస్ నంబర్, టైమింగ్ బెల్టు బిల్లు, డ్రైవర్ సీటు ఫొటో ఇక్కడ పెట్టు. సీటు ఫొటో పక్కనుంచి తియ్యాలి, పైనుంచి కాదు.